మొన కింద గ్రాఫీన్: అపోహలు - వాస్తవాలు

ఫిబ్రవరి 28న సైన్స్ డే క్విజ్ పెడితే రామన్ ఎఫెక్ట్ (పదార్థాన్ని తాకి చెదిరిన కాంతి రంగు కొద్దిగా మారడం) మీద ఏ ప్రశ్నకైనా శ్రీకాకుళం, విజయనగరం పిల్లలు టక్కున జవాబు చెప్పేస్తారు (రామన్ చిన్నప్పుడు చదువుకున్నది మన పక్కనే, విశాఖలో). వాళ్లే ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు వచ్చి టిప్ ఎన్‌హాన్స్‌డ్ రామన్, అంటే లోహపు మొనతో రామన్ సిగ్నల్‌ని పెంచే పద్ధతి, మేం టెర్స్ అనేది, మొదలుపెడితే ఈ అపోహలు బయటపడతాయి.

అపోహ: టెర్స్ అంటే ఇంకా బాగా జూమ్ అయ్యే మైక్రోస్కోప్.

కాదు. ఎంత ఖరీదైన లెన్సైనా 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌ని దాదాపు 200 నానోమీటర్ల కంటే చిన్న చుక్కగా చేయలేదు. ఇక్కడ పని చేసేది వెండి లేదా బంగారు మొన. దాని చివర విద్యుత్ క్షేత్రం పోగుపడి, కింద 10-20 నానోమీటర్ల మేర మాత్రమే సిగ్నల్ పెరుగుతుంది.

అపోహ: మొన దించగానే పీక్ (రామన్ గ్రాఫ్‌లో శిఖరం) పెరిగితే చాలు.

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. మొన దించినా లేజర్ చుక్క మొత్తం నుంచీ మామూలు రామన్ వస్తూనే ఉంటుంది. చుక్క 500 నానోమీటర్లు, మొన ప్రభావం 20 అనుకోండి, విస్తీర్ణంలో తేడా 600 రెట్ల పైమాటే. అందుకే మొన దించి ఒకసారి, ఎత్తి ఒకసారి తీసి, తేడానే లెక్కలోకి తీసుకోవాలి. గ్రాఫీన్‌తో (ఒకే పరమాణువు మందముండే కార్బన్ పొర) ఇంకో చిక్కుంది. మొన కింద క్షేత్రం ఎక్కువగా నిలువుగా ఉంటుంది, గ్రాఫీన్ జీ పీక్ ఇచ్చే కార్బన్ కంపనాలేమో అడ్డంగా, అందుకే జీ అంతగా పెరగదు. నమూనా కింద బంగారం ఉంటే మొనకీ దానికీ నడుమ క్షేత్రం బలపడుతుంది. సిలికాన్, జెర్మేనియం అంత సాయం చేయవు. రీసెర్చ్ పేపర్లో బంగారం మీద వచ్చిన అంకె మన జెర్మేనియం ముక్క మీద రాలేదని టెన్షన్ పడొద్దు.

అపోహ: టూడీ పీక్ (గ్రాఫీన్ ఇచ్చే ఇంకో పీక్) జీ కంటే పొడుగ్గా ఉంటేనే ఒకే పొర.

కింది సెమీకండక్టర్ నుంచి గ్రాఫీన్‌కి ఛార్జి చేరితే ఒకే పొరలోనూ టూడీ కుంగిపోతుంది, జీ మాత్రం 1580 సెం.మీ⁻¹ నుంచి పైకి జరుగుతుంది. గ్రాఫీన్ సాగినా రెండూ కదులుతాయి, కాకపోతే కిందికి. ఏది దేనివల్లో తేల్చాలంటే జీ స్థానం ఒక అక్షం మీద, టూడీ స్థానం ఇంకో అక్షం మీద వేసి చూడండి. సాగుడు వల్లైతే టూడీ జీ కంటే రెట్టింపుకు పైగా జరుగుతుంది. హోల్ డోపింగ్ (గ్రాఫీన్ ఎలక్ట్రాన్లు కోల్పోవడం) వల్లైతే జీ కంటే తక్కువే. పొరల లెక్కకి ఎత్తు కాదు, టూడీ ఆకారం, వెడల్పు చూడాలి.

అపోహ: డీ పీక్ (గ్రాఫీన్‌లో లోపాలుంటే వచ్చేది) కనిపిస్తే అది నమూనా లోపమే.

మొన గట్టిగా నొక్కినా గ్రాఫీన్ చిరుగుతుంది. స్కాన్ అయ్యాక మొన ఎత్తేసి అదే చోట మామూలు రామన్ మళ్లీ తీయండి, స్కాన్‌కి ముందు లేని డీ ఇప్పుడు కనిపిస్తే చింపింది మొనే.

అపోహ: మంచి మొన ఒకటి చేసుకుంటే ఏడాదంతా వాడుకోవచ్చు.

మన తీరంలో గాలికి తేమ ఎక్కువ. అందులోని గంధకపు వాయువులకి వెండి మొన, పెట్టెలో మరిచిపోయిన పట్టీల్లాగే, నల్లబడుతుంది. పట్టీలైతే రుద్దుకోవచ్చు, మొనని రుద్దలేం. అందుకని వాడే రోజే తయారు చేసుకుంటాం, లేదా నైట్రోజన్‌లో దాస్తాం. బంగారానికి ఈ బాధ లేదు గానీ అది ఆకుపచ్చ లేజర్‌తో సరిగ్గా పలకదు, 633 నానోమీటర్ల ఎర్రది కావాలి. మొనలు ఆర్డర్ పెట్టేముందు మీ ల్యాబ్‌లో ఏ లేజర్ ఉందో చూసుకోండి.