పెళ్ళి కాకుండా కలిసి ఉంటూ సత్ప్రసాదం తీసుకోవచ్చా? మా విచారణలో వినే అపోహలు – వాస్తవాలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, కోరాపుట్ వైపు ఉన్న తెలుగు కతోలికుల్లో చాలామంది పార్వతీపురం, శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికో వ్యాపారానికో వచ్చి ఇక్కడే ఉండిపోయినవాళ్ళు. నేను ఈ వైపు ఒక విచారణలో (పారిష్‌లో) ఉపదేశిని. పెళ్ళి కాబోయే జంటలకు తరగతులు చెప్పడం, వాళ్ళ కాగితాలు సరిచూసి ఫాదర్ గారి టేబుల్ మీద పెట్టడం నా పని. ఈ మధ్య తరగతికి వచ్చి కూర్చునేవాళ్ళ కంటే పూజ అయ్యాక గేటు దగ్గర ఆపి, అటూ ఇటూ చూసి మెల్లగా అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అడిగేది ఒకటే, పూజలో ఇచ్చే సత్ప్రసాదం (కమ్యూనియన్) గురించి: "మాస్టారూ, మేమిద్దరం కలిసి ఉంటున్నాం, పెళ్ళి కాలేదు, తనకి దేవుడంటే నమ్మకం లేదు, నేను సత్ప్రసాదం తీసుకోవచ్చా?"

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, భార్యాభర్తల్లా కాపురం చేస్తూ పెళ్ళి లేకుండా ఉన్నంతకాలం తీసుకోకూడదు. కానీ అందుకు వాళ్ళు అనుకునే కారణం వేరు, అసలు కారణం వేరు. అందులోంచి బయటపడే దారి కూడా వాళ్ళు అనుకున్నంత దూరంలో లేదు. అపోహలన్నీ ఈ రెండు చోట్లే పుడుతున్నాయి.

అపోహ: తనకి నమ్మకం లేదు కాబట్టే నాకు సత్ప్రసాదం లేదు.

కానే కాదు. అవతలి మనిషి హిందువైనా, ఏ దేవుణ్ణీ నమ్మకపోయినా, ఆ అవిశ్వాసం మీ ఖాతాలో పడదు. పునీత పౌలు గారు కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 7వ అధ్యాయం తీసి చూడండి, విశ్వాసం లేని భర్త తనతో ఉండటానికి ఇష్టపడితే భార్య అతన్ని విడిచిపెట్టకూడదనే ఉంది. మా విచారణలోనే భర్త చర్చి గడప తొక్కని ఆడవాళ్ళు ఉన్నారు, శ్రీసభ (కతోలిక సంఘం) ఒప్పుకున్న పెళ్ళి ఉంది కాబట్టి ప్రతి ఆదివారం సత్ప్రసాదం తీసుకుంటారు, వాళ్ళని ఆపేవాళ్ళు లేరు. అడ్డుగా ఉన్నది పెళ్ళి లేని కాపురం. శ్రీసభ 1983 నాటి చట్టంలో 916వ నియమం ఏమంటుందంటే, చావైన పాపంలో, అంటే ఘోరమైన పాపంలో ఉన్నానని ఎరిగినవాడు ముందు పాపసంకీర్తనం (గురువుకి, అంటే ఫాదర్ గారికి పాపాలు చెప్పుకోవడం) చేయకుండా సత్ప్రసాదం తీసుకోకూడదు. ఈ నియమం మీ గురించి, మీ మనస్సాక్షి గురించి. పక్కనున్న మనిషి విశ్వాసం ఊసే అందులో లేదు.

అపోహ: అయితే శనివారం సాయంత్రం పాపసంకీర్తనం చేసేసి, ఆదివారం తీసుకుంటే సరి.

ఇది అడిగేటప్పుడు కొంతమంది నవ్వుతూనే అడుగుతారు, సమాధానం వాళ్ళకీ తెలుసు. పాపసంకీర్తనానికి పశ్చాత్తాపం కావాలి, దాంతోపాటు ఇకమీదట మారతాననే నిర్ణయం కావాలి. సోమవారం నుంచి మళ్ళీ అదే కాపురం అని ముందే నిశ్చయించుకుని వస్తే అక్కడ దొరికే క్షమాపణ ఏమీ లేదు. బలహీనత వల్ల మళ్ళీ పడిపోవడం వేరు, మారే ఉద్దేశమే లేకపోవడం వేరు, ఈ తేడా గురువుకి బాగా తెలుసు, మీకూ తెలుసు. అయితే "పెళ్ళి కాగితాలు మొదలుపెట్టాం, అప్పటిదాకా విడిగా ఉంటాం" అని వచ్చే జంట పరిస్థితి పూర్తిగా వేరు. పిల్లలు పుట్టేశారు, ఇల్లు ఒకటే, విడిగా ఉండటం కుదరదు అంటే, ఒకే ఇంట్లో అన్నాచెల్లెళ్ళలా ఉండే మార్గం ఒకటుంది. విడాకుల తర్వాత మళ్ళీ పెళ్ళి చేసుకున్నవాళ్ళ గురించి 1981లో రెండో జాన్ పాల్ పోపు గారు రాస్తూ చెప్పిన మార్గం అది. కష్టం కాదని నేను అనను. మీ విషయంలో అది వర్తిస్తుందా లేదా అన్నది మీరూ ఫాదర్ గారూ కూర్చుని తేల్చుకోవాల్సిందే, గేటు దగ్గర నిలబడి నేను చెప్పే మాట కాదు.

అపోహ: తను జ్ఞానస్నానం తీసుకుంటే తప్ప చర్చిలో పెళ్ళి చేయరు.

ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. దీన్ని నమ్మి ఏళ్ళ తరబడి పెళ్ళి ఊసెత్తకుండా ఉండిపోయినవాళ్ళని చూశాను. "తనకి ఇష్టం లేనిది ఎలా బలవంతపెడతాం" అంటారు. నిజమే, బలవంతపెట్టకూడదు. ఎవరూ పెట్టమనడం లేదు కూడా! పెళ్ళి కోసం మొక్కుబడిగా తీసుకునే జ్ఞానస్నానం కంటే నమ్మకం లేదని నిజాయితీగా చెప్పే మనిషే నయం అని నా అభిప్రాయం.

1086వ నియమం ప్రకారం కతోలికులకూ జ్ఞానస్నానం లేనివాళ్ళకూ జరిగే పెళ్ళి మామూలుగా చెల్లదు. కానీ బిషప్ గారు మినహాయింపు ఇవ్వచ్చు, దీన్నే డిస్పెన్సేషన్ అంటాం. 2016లో బరంపురం పీఠం (డయోసీస్, ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) నుంచి విడదీసి రాయగడ పీఠం పెట్టారు కాబట్టి ఈ వైపు వాళ్ళ అర్జీలు ఇప్పుడు రాయగడకే వెళ్తాయి. అర్జీ మీరు విడిగా పట్టుకెళ్ళక్కర్లేదు, విచారణ గురువే పంపుతారు.

ఆ కాగితంలో ఏముంటుందో చెప్తాను, ఎందుకంటే భయమంతా దాని గురించే. 1125వ నియమం మాట అడిగేది కతోలిక వ్యక్తిని మాత్రమే: నా విశ్వాసాన్ని వదలను, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి కతోలికులుగా పెంచడానికి నా శక్తికొద్దీ ప్రయత్నిస్తాను అని. అవతలి వ్యక్తి ఏ మాటా ఇవ్వక్కర్లేదు. వాళ్ళకు ఈ సంగతి తెలియజేయాలి, అంతే. ఒకసారి మా ఆఫీసులో ఒకబ్బాయి పెన్ను చేతిలో పట్టుకుని, సంతకం పెట్టకుండా, "మాస్టారూ, నాకు నమ్మకం లేదు, అబద్ధపు ప్రమాణం నాతో ఎందుకు చేయిస్తారు?" అన్నాడు. ఆ కాగితంలో అతని సంతకం పైన ఉన్న వాక్యం మీద వేలు పెట్టి చదవమన్నాను. 'నా భాగస్వామి చేసిన వాగ్దానం గురించి నాకు తెలియజేశారు' అని ఉంది. రెండుసార్లు చదివి, "ఇంతేనా?" అని పెట్టేశాడు.

అయితే అసలు పరీక్ష వేరే చోట ఉంది. దేవుణ్ణి నమ్ముతావా అని ఫాదర్ గారు అతన్ని నిలదీయరు. ఈ పెళ్ళి జీవితాంతం అని ఒప్పుకుంటావా, ఒక్కరితోనే ఉంటావా, పిల్లల్ని కాదనవు కదా అని అడుగుతారు. "చూద్దామండీ, కుదరకపోతే ఎవరి దారి వాళ్ళది" అనే మనిషైతే, దేవుణ్ణి ఎంత నమ్మినా ఆ పెళ్ళికి పునాది లేదు. నాస్తికుడై ఈ మూడింటికీ సరే అంటే పని నడుస్తుంది.

పెళ్ళి మామూలుగా దివ్యబలిపూజ లేకుండా, వాక్య పఠనం, సమ్మతి, ఉంగరాలు, మన వైపైతే సిలువ ఉన్న తాళితో జరుగుతుంది. ఇంకో సంగతి చాలామంది కతోలికులకే తెలియదు. ఇద్దరిలో ఒకరికి జ్ఞానస్నానం లేకపోతే ఆ వివాహం చెల్లుతుంది గానీ దివ్యసంస్కారం (సాక్రమెంట్) అవదు. అయినా సరే, కతోలిక వ్యక్తి సత్ప్రసాదానికి అది అడ్డు కాదు.

ప్రభుత్వం వైపు నుంచి కూడా టెన్షన్ అక్కర్లేదు. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం 4వ సెక్షన్‌లో ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా చాలని ఉంది. ఒడిశాలో బలవంతపు మత మార్పిడులను ఆపే మతస్వేచ్ఛ చట్టం 1967 నుంచి ఉంది కదా అని భయపడేవాళ్ళకి ఒకటే మాట: ఇక్కడ ఎవరూ మతం మారడం లేదు.

అపోహ: రిజిస్టర్ పెళ్ళి అయిపోయింది, మజ్జిగౌరి గుడి దగ్గర తాళి కూడా కట్టాడు, ఇంకా పెళ్ళి కాలేదంటారేంటి?

లోకం దృష్టిలో అయింది, ఎవరూ కాదనరు. కానీ కతోలికులు గురువు ముందు, ఇద్దరు సాక్షుల ముందు సమ్మతి చెప్పాలని, లేదా దాని నుంచి ముందే మినహాయింపు తీసుకోవాలని నియమం. అది లేకపోతే శ్రీసభ లెక్కలో ఆ పెళ్ళి చెల్లదు. ఇప్పుడు సరిచేసుకోవడం పెద్ద పనేం కాదు, చిన్నగా, నలుగురి మధ్య జరిగిపోతుంది. పందిళ్ళు, విందులు అక్కర్లేదు. "డబ్బు చేతికొచ్చాక ఘనంగా చేద్దాం" అని వాయిదా వేసేవాళ్ళకి ఇది ముఖ్యంగా చెప్తున్నాను, ఎందుకంటే ఈ కొండల్లో ముందు కాపురం, తర్వాతెప్పుడో విందు అనే అలవాటు బాగా ఉంది.

మరి అవతలి వ్యక్తి "నాకు పెళ్ళి అయిపోయింది, మళ్ళీ ఫాదర్ ముందు నిలబడను" అని మొండికేస్తే? దానికీ దారి ఉంది. ఇద్దరి సమ్మతీ ఇంకా నిలిచి ఉందని తేలితే, కతోలిక వ్యక్తి పైన చెప్పిన వాగ్దానం చేస్తే, బిషప్ గారు ఆ పెళ్ళిని మూలం నుంచే సరిచేసి చెల్లుబాటు చేయగలరు. కొత్తగా సమ్మతి చెప్పే తంతు ఉండదు, అతను చర్చికి రానక్కర్లేదు. కాకపోతే ఇది ఏదో ఒక పెళ్ళి జరిగినవాళ్ళకే. ఏ పెళ్ళీ లేకుండా కలిసి ఉంటున్నవాళ్ళకి సరిచేయడానికి అసలు ఏముంది?

నిజంగా చిక్కుపడేది ఎక్కడంటే, ఇద్దరిలో ఒకరికి ఇదివరకే పెళ్ళై, ఆ మనిషి బతికుంటే. అది ఇద్దరు హిందువుల మధ్య జరిగిన పెళ్ళైతే, "హిందూ పెళ్ళి కదా, లెక్కలోకి రాదు" అనుకోకండి. వస్తుంది. కోర్టు విడాకులు ఒక్కటే చాలవు, పీఠం న్యాయస్థానం దాకా వెళ్ళాలి, సమయం పడుతుంది. ఈ సంగతి దాచిపెట్టి చివర్లో బయటపెట్టేవాళ్ళ వల్ల అందరికీ తలనొప్పి, దయచేసి మొదటి రోజే చెప్పండి.

అపోహ: పోపు ఫ్రాన్సిస్ గారు అందరూ తీసుకోవచ్చన్నారు, వాట్సాప్‌లో వచ్చింది.

వాట్సాప్‌లో చాలా వస్తాయి. 2016లో కుటుంబ జీవితం మీద ఆయన రాసిన లేఖ 8వ అధ్యాయంలో, చిక్కు పరిస్థితుల్లో ఉన్నవాళ్ళని గురువు తోడుండి నడిపించాలని, కొందరి విషయంలో సంస్కారాల సాయం కూడా ఉండచ్చని ఒక ఫుట్‌నోట్‌లో ఉంది. అది ఒక్కొక్కరి విషయం విడిగా చూసి తేల్చేది. అదే అధ్యాయంలో, పెళ్ళి లేకుండా కలిసి ఉంటున్నవాళ్ళని ఓపికగా పెళ్ళి వైపు తీసుకురమ్మని కూడా ఉంది. అది మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు.

అపోహ: నన్ను వెలివేసినట్టే, ఇక పూజకి వెళ్ళి ఏం లాభం?

ఎవరూ వెలివేయలేదు. సహజీవనానికి శ్రీసభలో బహిష్కరణ శిక్ష లేదు. ఆదివారం పూజకి రావాల్సిన బాధ్యత మీకు అలాగే ఉంది. రండి, పాడండి, అందరూ లేచినప్పుడు కూర్చునే ఉండి సత్ప్రసాదాన్ని నోటితో కాక మనసులోనే, ప్రార్థనగా స్వీకరించండి. చుట్టూ ఉన్నవాళ్ళు చూస్తారని సిగ్గు అంటారు. చూసేవాళ్ళకి నేను చెప్పేది ఇదీ: లైన్లోకి రాని ప్రతి మనిషికీ ఒక కథ అల్లకండి, పూజకి ముందు స్టేషన్ దగ్గర టీ, ఇడ్లీ కానిచ్చి గంట ఉపవాసం తప్పినవాడు కూడా బెంచీలోనే కూర్చుంటాడు.

అలాగే, పెళ్ళి కాని జంట బిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వరన్నది కూడా తప్పు. తల్లిదండ్రుల్లో ఒకరైనా ఒప్పుకుని, బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతుందనే ఆశ ఉంటే చాలు.

వచ్చేటప్పుడు కొత్తగా తీయించిన జ్ఞానస్నాన పత్రం తెచ్చుకోండి. మీ జ్ఞానస్నానం ఆంధ్రా వైపు ఏ విచారణలో జరిగిందో అక్కడి నుంచే రావాలి, పాత జిరాక్సు పనికిరాదు. తపస్సు కాలంలో (ఈస్టర్‌కి ముందు నలభై రోజుల్లో) పెళ్ళిళ్ళు మామూలుగా పెట్టరు కాబట్టి, ఈస్టర్ తర్వాత చేసుకుందామనుకునేవాళ్ళు క్రిస్మస్ కాగానే ఆఫీసుకి వస్తే అర్జీ వెళ్ళి రావడానికి టైము సరిపోతుంది. వీలైతే ఇద్దరూ రండి. తను రానంటే ముందు మీరొక్కరైనా రండి.