స్లాబు మింగిన ఎండ

ఏటా మే 9వ తేదీ ప్రాంతంలో ఒక మధ్యాహ్నం హైదరాబాద్‌లో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ కనిపించదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. కర్నూలులో ఈ ఘట్టం కొన్ని రోజుల ముందే వస్తుంది, ఆదిలాబాద్‌లో కొన్ని రోజుల తర్వాత. పిల్లలకు చూపించదగిన వింత ఇది. నాకు మాత్రం ఆ మాయమైన నీడను చూసినప్పుడల్లా మన ఇళ్లే గుర్తొస్తాయి. సూర్యుడు తల మీదికి వచ్చాడంటే ఎండ భారమంతా మోసేది గోడలు కాదు, కప్పు. తూర్పు గోడ పొద్దున, పడమటి గోడ సాయంత్రం కొంతసేపు ఎండను భరిస్తాయి. దక్షిణపు గోడ మీద మే నెలలో నేరుగా పడే ఎండ చాలా తక్కువ. కప్పుకు మాత్రం పొద్దు పొడిచింది మొదలు గూకేదాకా విరామం లేదు.

ఎంత ఎండ పడుతుందో లెక్క వేసుకుంటే విషయం తీవ్రత తెలుస్తుంది. మబ్బు లేని వేసవి మధ్యాహ్నం చదరపు మీటరు కప్పు మీద దాదాపు 1,000 వాట్ల ఎండ పడుతుంది. రోజంతా కలిపితే చదరపు మీటరుకు ఆరేడు యూనిట్లు. వంద చదరపు మీటర్ల డాబా, అంటే సుమారు 1,076 చదరపు అడుగులది, ఒక్క రోజులో 600 యూనిట్లకు పైగా ఎండను అందుకుంటుంది. చాలా ఇళ్లలో రెండు నెలల కరెంటు బిల్లు కలిపినా అన్ని యూనిట్లు ఉండవు.

ఇందులో మూడింట రెండు వంతుల దాకా పాతబడిన కాంక్రీటు మింగేస్తుంది. అయిదు అంగుళాల మందంతో వేసిన ఆ స్లాబు బరువు 30 టన్నులు. దాన్ని ఒక్క డిగ్రీ వేడెక్కించాలంటే ఏడు యూనిట్లకు పైగా శక్తి కావాలి. మే నెలలో స్లాబు పైభాగం 60 డిగ్రీలు దాటిపోతుంది. ఆ వేడి అయిదు అంగుళాలు దాటి గది పైకప్పుకు చేరడానికి మూడు గంటలకు పైగా పడుతుంది. అందుకే డాబా ఇంట్లో అసలైన బాధ మిట్టమధ్యాహ్నం కాదు, సాయంత్రం నాలుగైదు గంటలకు మొదలవుతుంది. బయట గాలి చల్లబడుతున్నా 30 టన్నుల రాయి లోపలికి వేడిని దిగవిడుస్తూనే ఉంటుంది. మన చర్మం ఉష్ణోగ్రత 34, 35 డిగ్రీలు. పైన 40 డిగ్రీలకు మించిన కప్పు ఉన్నప్పుడు ఒంటి వేడి అటువైపు పోయే దారి మూసుకుపోతుంది, పైగా కప్పే మన మీద వేడి చిమ్ముతుంది. ఫ్యాను ఆ కప్పు కిందనున్న వేడి గాలినే తెచ్చి మీద పోస్తుంది. పై అంతస్తులో అద్దెకు ఉన్నవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

రాయలసీమ మిద్దె ఇళ్లలో ఈ బాధ ఇంతగా ఉండేది కాదు. దూలాల మీద దంతెలు, వాటి మీద బండలో కొయ్య పలకలో, ఆపైన అడుగు మందాన మట్టి, అన్నిటికీ పైన చౌడు. పొడి మట్టి కాంక్రీటుతో పోలిస్తే మూడో వంతు వేగంతోనే వేడిని పంపుతుంది. మందం కూడా రెండింతలకు పైగా ఉండటం వల్ల మొత్తం మీద వేడికి ఏడెనిమిది రెట్లు ఎక్కువ అడ్డు. అంతకన్నా ముఖ్యమైనది కాలం. అడుగు మందపు మట్టిని దాటడానికి వేడికి దాదాపు 12 గంటలు పడుతుంది. మధ్యాహ్నపు ఎండ లోపలికి చేరేసరికి అర్ధరాత్రి. అప్పటికి ఇంటిల్లిపాదీ మిద్దె మీదో, వాకిట్లో నులక మంచాల మీదో పడుకుని ఉండేవారు. మిగిలిన కాస్త వేడీ కప్పులో వదిలిన సందు, గవాక్షిలోంచి పైకి పోయేది.

చౌడు సంగతి మరీ అందమైనది. పంట పండని చౌడు నేలను రైతు తిట్టుకుంటాడు. సోడియం ఎక్కువగా ఉన్న ఆ మట్టి తడవగానే దాని సన్నని రేణువులు విడిపోయి రంధ్రాలను పూడ్చేస్తాయి. నీరు ఇంకదు. పొలానికి శాపమైన ఆ గుణమే మిద్దెకు వాన నీటిని ఆపే పొర అయింది. ఏటా వానలకు ముందు కొత్త చౌడు పోసి చదును చేయడం ఊళ్లో ఒక పని. ఆ చాకిరీ చేయలేకే, తేళ్లకూ ఎలుకలకూ భయపడే, జనం సిమెంటు స్లాబుకు మారారు. అందులో తప్పు లేదు. కానీ గట్టిదనం కోసం మట్టిని తీసేసినప్పుడు అది చేస్తున్న రెండో పని, వేడిని ఆపడం, కూడా పోయింది. దాని స్థానంలో మనం ఏమీ పెట్టలేదు.

వేడిని ఆపే పొర అనగానే చలి దేశాల వ్యవహారం అనుకోవడం మనకు అలవాటు. స్వెట్టరు వేడిని పుట్టించదు, వేడి దాటిపోవడాన్ని నెమ్మదింపజేస్తుంది. ఐసు అమ్మేవారు గడ్డకు రంపపు పొట్టు అద్ది గోనెసంచిలో చుట్టడం వెనుకనున్నదీ అదే సూత్రం. పొట్టు సందుల్లో కదలకుండా చిక్కుకున్న గాలి వేడిని అతి నెమ్మదిగా పంపుతుంది. థర్మాకోల్‌లో నూటికి 98 పాళ్లు గాలే. గుంటూరు శీతల గిడ్డంగుల్లో మిర్చి బస్తాలు వేసవి అంతా పది డిగ్రీల లోపు చల్లదనంలో నిల్వ ఉంటాయి. బయట 40 దాటిన ఎండ. ఆ గిడ్డంగి గోడలకూ కప్పుకూ థర్మాకోల్ పలకలో, పాలీయురేథేన్ నురగతో చేసిన పఫ్ పలకలో లేకుండా ఆ నిల్వ సాధ్యం కాదు. మిర్చికి చేయగలిగిన పని ఆ గిడ్డంగి కూలీ ఇంటి కప్పుకు జరగకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

రెండు అంగుళాల థర్మాకోల్ పలక వేడిని ఎంత ఆపుతుందో అంతే ఆపాలంటే రెండు మీటర్లకు పైగా మందం గల కాంక్రీటు పోయాలి. పన్నెండడుగుల చదరపు గది ఒకటి తీసుకుందాం. మే మధ్యాహ్నం లోపల 26 డిగ్రీలు ఉంచాలని ఏసీ వేశారు. ఏ పొరా లేని స్లాబు గుండా ఆ గదిలోకి దిగే వేడి సుమారు 1,800 వాట్లు. ఒకటిన్నర టన్నుల ఏసీ సామర్థ్యంలో మూడో వంతు కప్పును ఎదిరించడానికే ఖర్చవుతుందన్న మాట. స్లాబు మీద రెండు అంగుళాల మంచి పలక పరిస్తే దిగే వేడి 300 వాట్లకు పడిపోతుంది. ఇంకొంచెం పెద్ద ఏసీ కొనాలా అని అడిగేవారికి నేను ముందు కప్పు వైపు చూడమంటాను.

ఆ పొరను ఎక్కడ వేయాలన్నది నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. చాలామంది లోపల ఫాల్స్ సీలింగ్ పెట్టి, దాని వెనుక పలకలు దూర్చి పని అయిపోయిందనుకుంటారు. కొన్ని గంటలు మాత్రమే ఏసీ వేసుకునే కార్యాలయానికి అది ఉపయోగపడుతుంది. కానీ స్లాబు ఎప్పటిలాగే ఎండలో మాడుతుంది. పది మీటర్ల స్లాబు 30 డిగ్రీలు వేడెక్కితే మూడు మిల్లీమీటర్లకు పైగా సాగుతుంది, రాత్రి మళ్లీ ముడుచుకుంటుంది. రోజూ జరిగే ఈ లాగుడుకు గోడ, స్లాబు కలిసే చోట పగుళ్లు పుడతాయి, జూలై వానలకు అక్కడే చెమ్మ దిగుతుంది. పైగా మంటకు అందేలా థర్మాకోల్‌ను గదిలో ఉంచడం ప్రమాదం. అది త్వరగా అంటుకుంటుంది, దట్టమైన పొగ కక్కుతుంది.

పొర స్లాబు పైన ఉంటే కథ తిరగబడుతుంది. ఇప్పుడు ఎండకు మాడేది పైనున్న పలుచటి పూత. 30 టన్నుల స్లాబు నీడ పట్టున, ఇంటి లోపలి వైపు ఉండిపోతుంది. మన లోతట్టు జిల్లాల్లో మే నెలలో కూడా పగటికీ తెల్లవారుజాముకూ 12 నుంచి 14 డిగ్రీల తేడా ఉంటుంది. మచిలీపట్నంలోనో విశాఖపట్నంలోనో సముద్రం ఆ తేడాను మింగేస్తుంది, ఉక్క వదలదు. కర్నూలు, అనంతపురం, నిజామాబాద్ లాంటి చోట్ల రాత్రి గాలి పగటి గాలికన్నా ఎంతో చల్లన. కిటికీలు తెరిచి ఆ గాలిని ఇంట్లోంచి పారనిస్తే స్లాబూ గోడలూ చల్లబడతాయి, మర్నాడు సాయంత్రం దాకా ఆ చల్లదనాన్ని నెమ్మదిగా తిరిగి ఇస్తాయి. నిన్న మనల్ని వేపిన బరువే నేడు చలువ దాచే కుండ అవుతుంది. అయితే ఇది కిటికీలు తీస్తేనే. మనిషి ఒంటి నుంచి దాదాపు వంద వాట్ల వేడి వస్తుంది, దానికి పొయ్యి, ఫ్రిజ్ తోడు. వేడిని ఆపే కప్పు ఇంట్లో పుట్టిన వేడిని కూడా బయటికి పోనివ్వదు. రాత్రి తలుపులు బిగించుకుని పడుకునే ఇంట్లో ఈ పొర మేలు సగం వృథా. దోమతెర కొట్టించిన కిటికీలు, కప్పుకు దగ్గరగా వేడి గాలి పోయే సందు, ఇవీ ఈ పనిలో భాగమే.

సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లే అలవాటు కూడా శాస్త్రానికి నిలుస్తుంది. పదిహేను లీటర్ల బకెట్టు నీరు పూర్తిగా ఆవిరైతే పది యూనిట్ల వేడిని పట్టుకుపోతుంది. కానీ పోసిన నీటిలో ఎక్కువ భాగం గొట్టంలోకి జారిపోతుంది. బోర్లు ఎండిపోయే నెలల్లో దాన్నే ఆధారంగా పెట్టుకోవడం కుదరదు.

అందరికీ అందుబాటులో ఉన్న మొదటి అడుగు సున్నం. తెల్లని పూత ఎండను ఆపే తీరు వేరు. పలక, మింగిన వేడిని దిగనివ్వదు. తెలుపు అసలు మింగనివ్వదు, కొత్త పూత ఎండలో అయిదింట నాలుగు వంతుల దాకా వెనక్కి పంపుతుంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాల, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు హైదరాబాద్ ప్రాంతపు వాణిజ్య భవనాల మీద చేసిన అధ్యయనం 2012లో వెలువడింది. నల్లని కప్పును తెల్లగా మారిస్తే చల్లదనానికి వాడే కరెంటు 14 నుంచి 26 శాతం, మామూలు కాంక్రీటును తెల్లగా మారిస్తే 10 నుంచి 19 శాతం తగ్గిందని తేలింది. 2017లో నగరంలోని దేవరకొండ బస్తీలో పాతిక పేద ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరిచారు. లోపలి ఉష్ణోగ్రత సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. జ్వరం వచ్చిన ఒంటికి రెండు డిగ్రీలంటే ఏమిటో గుర్తుచేసుకుంటే చాలు. తెలుపుకున్న లోపం దుమ్ము. మన మార్చి గాలులు పూతను త్వరగా మాసేస్తాయి, కాబట్టి ఏటా ఉగాదికి వాకిలితో పాటు డాబాను కూడా కడిగి సున్నం వేయాలి.

రేకుల కప్పు కింద బతికేవారికీ, చదివేవారికీ, పనిచేసేవారికీ ఇది మరింత అవసరం. రేకుకు బరువు లేదు, ఎండ తగిలిన నిమిషాల్లోనే వేడి కిందికి దిగుతుంది. మెరిసే జింకు రేకు ఎండను తిప్పికొడుతుంది కదా అన్నది సగం నిజం. అది తాను మింగిన వేడిని ఆకాశం వైపు విడిచిపెట్టడంలో బాగా వెనుకబడి ఉంటుంది, అందుకే ఎండలో పెట్టిన స్టీలు గిన్నె చేయి కాలుస్తుంది. అదే రేకు మీద తెల్ల రంగు వేస్తే తిప్పికొట్టడమూ, విడిచిపెట్టడమూ రెండూ బాగా చేస్తుంది. కొత్తగా వేసే షెడ్లకు రెండు రేకుల మధ్య పఫ్ నింపిన పలకలు దొరుకుతున్నాయి. పిల్లలు కూర్చునే బడి షెడ్డుకు అంతకు తక్కువ ఏదీ వేయకూడదని నా అభిప్రాయం.

పెద్ద భవనాల్లో కప్పుతో పాటు అద్దం కూడా సమస్యే. లోపల తెర వేస్తే ఎండ అప్పటికే గదిలోకి వచ్చేసినట్టు. సజ్జ, జాలీ, వట్టివేళ్ల తడక, ఏదైనా అద్దానికి బయటే ఉండాలి. హైదరాబాద్‌లో 2004లో ప్రారంభమైన సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌లో కప్పు మీద చాలా భాగం మట్టి పోసి మొక్కలు పెంచారు, జాలీ గోడలు కట్టారు, గాలిని చల్లబరిచి లోపలికి పంపే బురుజులు పెట్టారు. మట్టి కప్పు మళ్లీ వచ్చిందన్న మాట. 2018 నాటి జాతీయ గృహ నియమావళి ఎకో నివాస్ సంహిత, కప్పు గుండా చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు 1.2 వాట్లకు మించి వేడి దాటకూడదంటుంది. మన మామూలు స్లాబు దాదాపు 3.5 వాట్లు వదులుతుంది. తెలంగాణ 2023లో తెచ్చిన చల్లని కప్పుల (ఎండను తిప్పికొట్టే కప్పుల) విధానం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే ఇళ్లకూ చల్లని కప్పును తప్పనిసరి చేసింది. చిన్న స్థలాల్లో అంతస్తు మీద అంతస్తు వేసుకునే కుటుంబాలకు అది ఐచ్ఛికమే.

కొత్తగా ఇల్లు కడుతున్నవారికి ఒక చిన్న సంగతి. పొర వేయడం కష్టమని తర్వాత చాలామంది వెనక్కి తగ్గేది ఖర్చు వల్లనే కాదు, ఎత్తు కుదరక. నీరు పట్టని పూత, దాని మీద రెండు అంగుళాల పలక, ఆపైన సన్నని కాంక్రీటు, తెల్లని పెంకులు, అన్నీ కలిపితే డాబా నాలుగైదు అంగుళాలు పైకి లేస్తుంది. మెట్ల గది గడప తక్కువ ఎత్తులో ఉంటే వాన నీరు ఇంట్లోకి వస్తుంది. నీటి గొట్టం మూతి కింద ఉండిపోతుంది, పిట్టగోడ పొట్టిదవుతుంది. ఇప్పుడే పలక కొనే స్తోమత లేకపోయినా ఫరవాలేదు. స్లాబు పోసే ముందు రోజు మేస్త్రీని పిలిచి, మెట్ల గది గడపను ఆరు అంగుళాలు పైకి కట్టమని చెప్పండి.