లెక్కకొచ్చే పని, లెక్కకు రాని పని

చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు జూన్, జులై నెలలు ఊపిరాడనివి. తోతాపురి కాయ ఒక్కసారిగా కోతకొస్తుంది. ట్రాక్టర్లు, లారీలు గేటు బయట బారులు తీరతాయి. పండు చెడిపోయేలోపు గుజ్జు తీసి, డబ్బాల్లో నింపి, సీలు వేయాలి. రాత్రీ పగలూ మిషన్లు ఆగవు. మేనేజరు నుంచి కూలీ దాకా అందరికీ టెన్షనే.

ఆ టెన్షన్ అందరి పనినీ ఒకేలా మార్చదు. కాయలు దింపేవాళ్లను, క్రేట్లు మోసేవాళ్లను తొందరపెడితే కొంతవరకు వేగం నిజంగానే పెరుగుతుంది. ల్యాబ్‌లో గుజ్జు తీపిని బ్రిక్స్ అనే కొలతలో కొలిచి, రంగూ వాసనా చూసి, ఈ బ్యాచ్‌ను పంపవచ్చా లేదా అని తేల్చేవాళ్ల సంగతి వేరు.

ఈ తేడా 1908లోనే ఒక ప్రయోగంలో బయటపడింది. అమెరికాలో రాబర్ట్ యెర్క్స్, జాన్ డాడ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చిట్టెలుకల ముందు తెల్లది, నల్లది రెండు పెట్టెలు పెట్టారు. నల్లదాంట్లోకి వెళ్లబోతే కరెంటు షాక్. రెండింటి తేడా కొట్టొచ్చినట్టు కనిపించినప్పుడు, షాక్ పెంచేకొద్దీ అవి త్వరగా నేర్చుకున్నాయి. తేడా పోల్చుకోవడం కష్టమయ్యేలా వెలుతురు మార్చినప్పుడు మాత్రం గట్టి షాక్ నేర్పును దెబ్బతీసింది. ఇప్పుడు ట్రైనింగ్ క్లాసుల్లో దీన్నే, ఒత్తిడితో పాటు పని మెరుగై ఒక హద్దు దాటాక పడిపోయే గుట్టలాంటి గీతగా గీసి, ‘కొంచెం ఒత్తిడి ఉద్యోగికి మంచిదే’ అంటారు. చిట్టెలుకకు పెట్టిన షాక్‌నూ మనిషికి పెట్టిన టార్గెట్‌నూ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. అయినా అందులో తీసుకోదగ్గ మాట ఒకటుంది: పని ఎంత సూక్ష్మమైతే, అది అంత తక్కువ ఒత్తిడిని భరిస్తుంది.

ఎందుకలా అన్నది మెదడు చెబుతుంది. నుదుటి వెనక ఉండే ముందుభాగం మన ఆలోచననూ విచక్షణనూ నడుపుతుంది. ఏ విషయాన్నైనా కాసేపు మనసులో నిలిపి ఉంచేది, తొందరపాటును ఆపేది అదే. యేల్ విశ్వవిద్యాలయంలో ఎమీ ఆర్న్‌స్టెన్ అనే మెదడు శాస్త్రవేత్త పరిశోధనలు చూపినదేమిటంటే, నోరెడ్రినలిన్, డోపమైన్ రసాయనాలు మోస్తరుగా ఉంటే ఈ భాగం చురుగ్గా పనిచేస్తుంది. ఒత్తిడితో అవి మితిమీరితే దాని పట్టు సడలి, పగ్గాలు అలవాటుకూ భయానికీ చిక్కుతాయి. చేతులు పని చేస్తూనే ఉంటాయి, రిజిస్టరు నిండుతూనే ఉంటుంది. ‘ఈ రీడింగ్ ఏదో తేడాగా ఉందే, మళ్లీ చూద్దాం’ అనే అనుమానం మాత్రం రాదు. నాణ్యత మొదట జారిపోయేది ఇక్కడే. డబ్బాలకు లెక్క ఉంటుంది, రాని అనుమానానికి ఉండదు. అందుకే ఆ రోజు టార్గెట్ దాటినట్టే కనిపిస్తుంది.

పని ఎక్కువ కావడం ఒక్కటే మనిషిని కుంగదీయదు. పని ఎక్కువై, దాని మీద తనకు అదుపు కూడా లేకపోవడమే అసలు చేటు అని 1979లో రాబర్ట్ కరాసెక్ అనే సామాజిక శాస్త్రవేత్త వాదించారు. లండన్ ప్రభుత్వ ఉద్యోగులపై 1985లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం రెండో దశలో, మైఖేల్ మార్మట్ బృందం ఆ వాదనకు బలమిచ్చే సంగతి గమనించింది: పనిపై అదుపు తక్కువున్నవారిలో గుండెజబ్బు ఎక్కువ. బ్యాచ్‌ను ఆపే బాధ్యత ల్యాబ్ ఉద్యోగి మీద పెట్టి, ఆపే అధికారం ఇంకొకరి చేతిలో ఉంచితే జరిగేది ఇదే.

సీజన్‌లో ఇంకో సమస్య నిద్ర. తర్వాతి షిఫ్టు మనిషి రాకపోతే ఉన్నవాళ్లనే ఉండమంటారు. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చేతికీ కంటికీ పొంతన, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే పరిశోధకులు చూపించారు. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. పొద్దున ఆరుకు లేచిన మనిషి రాత్రి పదకొండుకు ఆ గీత దాటేసి ఉంటాడు. ఆ గంటలో అతనితో సంతకం చేయించకుండా శాంపిల్‌ను పక్కన పెట్టించి, తర్వాతి షిఫ్టు ల్యాబ్‌తో పరీక్ష చేయించడం యాజమాన్యం ఈ సీజన్‌లోనే చేయగలిగిన పని.