కళ్లు తిరుగుడు: ఎడమకు ఒక లెక్క, కుడికి ఒక లెక్క

మా అక్క బిడ్డ హన్మకొండల రోలర్ స్కేటింగ్ నేర్చుకుంటది, ఫోన్ల ఐస్ స్కేటింగ్ వీడియోలు చూసి స్పిన్నులు ట్రై చేస్తది. మొన్న అడిగింది, "మామా, ఎడమకు పది చుట్లు తిరిగినా ఏం గాదు, కుడికి మూడు తిరిగితే సోలిపోతున్న, ఎందుకు?"

స్కేటర్లల్ల ఎక్కువమంది ఎడమకే తిరుగుతరు. నెలల ప్రాక్టీసుతోటి మెదడు ఆ తిప్పుడుకు అలవాటు పడి కళ్లు తిరుగుడును తగ్గించుకుంటది, కానీ ఆ అలవాటు చాలావరకు తిరిగిన దిక్కుకే. పైగా మామూలుగ ఎడమ స్పిన్ ఎడమ కాలు మీద, కుడి స్పిన్ కుడి కాలు మీద, బరువు ఎక్కడ ఆపాల్నో కుడి కాలుకింకా తెల్వది.

అసలు మజా చెవి లోపల ఉంది. స్కూల్ల చెవి బొమ్మ గీపిస్తరు, అర్ధవృత్తాకార నాళాలని పేరు రాపిస్తరు, అవి ఏం చేస్తయో చెప్పరు, నాకు అదే బాధ. ఒక బకెట్ నీళ్లు అనుకోండి, లోపలి గోడకు ఒక అరటాకు పీలిక అతికిచ్చినం. బకెట్‌ను ఎడమకు తిప్పితే నీళ్లు వెనుకపడతయి, పీలిక కుడికి వంగుతది. తిప్పుకుంటనే ఉంటే నీళ్లు బకెట్ స్పీడు అందుకుంటయి, పీలిక నిటారుగ నిలబడతది. ఇగ బకెట్‌ను టక్కున ఆపితే నీళ్లు ఆగవు, పీలిక ఎడమకు వంగుతది, మెదడేమో "కుడికి తిరుగుతున్నం" అనుకుంటది. చెవిల ఆ నాళమే బకెట్, దాంట్ల ద్రవమే నీళ్లు, ఆ పీలిక పేరు కుపులా, జెల్లీ లెక్క ఉంటది. దాని మాట నమ్మి కళ్లు ఒక పక్కకు మెల్లగ జారి, టక్కున వెనక్కి దుంకుతయి. మనోళ్లు "కళ్లు తిరుగుతున్నయి" అన్నది అక్షరాల నిజం! చిన్నప్పుడు మా అమ్మమ్మ దిష్టి అని ఎర్రనీళ్లు తిప్పిపోసేది, ఆ లోపల చెవిల నీళ్లు వాటంతట అవే కుదురుకునేవి, పేరు దిష్టికి పోయేది.

ఒప్పులకుప్ప ఆడినంక అటు తిరిగింది ఇటు తిరిగి విప్పుకునేటోళ్లం కదా, అది పనిచేస్తదా? ఎడమ స్పిన్ ఆపి వెంటనే అదే స్పీడుల కుడికి తిరిగితే నీళ్లు ఇంకా ఎడమకే, బకెట్ కుడికి, అంటే పీలిక ఎడమకు రెండింతలు వంగుతది. ముందు కళ్లు తిరుగుడు డబుల్. తిరుగుతుంటే ఆ వంపు తగ్గుకుంట వస్తది, సరిగ్గ సగమైనప్పుడు ఆగితే, ఆగుడు ఇచ్చే ఎదురు వంపు దాన్ని కొట్టేసి సున్నా అయితది. ఇంకా తిరిగితే మళ్ల ఉల్టా కళ్లు తిరుగుడు. పిల్లల నమ్మకం ఒక్క టైముకే కరెక్టు.

ఐస్ స్కేటింగ్ పోటీలల్ల సిట్ స్పిన్ (కూసున్నట్టు వంగి తిరుగుడు), కామెల్ స్పిన్ (ఒక కాలు వెనక్కి చాపి తిరుగుడు) ఆగకుండా రెండు దిక్కులా కనీసం 3 చుట్ల చొప్పున తిరిగితే అది లెవెల్ (స్పిన్ ఎంత కష్టమో చెప్పే మెట్టు) పెంచే అంశం, ఆ డబుల్ దెబ్బ తట్టుకునుడు ఎంత కష్టమో ఇప్పుడు తెలుస్తది.

ఇప్పుడు మేమిద్దరం తిరిగే కుర్చీ తెచ్చుకున్నం. ఎడమకు తిప్పి, కుడికి రోజుకో సెకను పెంచుకుంట తిప్పి, ఆపంగనే పిల్ల కళ్లు ఎటు జారుతున్నయో చూసి నోట్‌బుక్కుల రాస్తున్న.