ఆల్‌స్టార్ జట్టు మెరిట్ లిస్టు కాదు: లిటిల్ లీగ్ అపోహలు - వాస్తవాలు

మే నెల సగానికి వచ్చిందంటే నా ఫోన్‌కి నిద్ర ఉండదు. "అక్కా, ఆల్‌స్టార్ లిస్టులో మా వాడి పేరు ఉందా?" "వదినా, కనీసం చివర్లో అయినా ఉంటాడా?" "మేడమ్, మా అమ్మాయి బ్యాటింగ్ యావరేజ్ చూశారా?" న్యూజెర్సీలో మా ఊరి లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ లీగ్‌లో, ఆరేళ్లుగా ప్లేయర్ ఏజెంట్‌గా చేస్తున్నాను. ట్రైఔట్లు, డ్రాఫ్ట్ (పిల్లల్ని జట్లకి పంచడం), ఆల్‌స్టార్ కాగితాలు అన్నీ నా నెత్తినే. ఏజెంట్ అనగానే ఒకాయన నిజంగానే కమీషన్ ఎంత అని అడిగారు. వాలంటీర్ పని అండీ. కమీషన్ అంటే శనివారం పొద్దున్నే కన్సెషన్ స్టాండ్‌లో చల్లారిపోయిన కాఫీ.

ఏటా అవే ప్రశ్నలు, అవే పుకార్లు. వాట్సాప్ గ్రూపులో ఒకరు ఊహించి రాసింది పదిమంది ఫార్వర్డ్ చేసేసరికి రూల్ అయి కూర్చుంటోంది. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను.

అపోహ: పిల్లలకి ర్యాంకులు వేసి, పైనుంచి పన్నెండు మందిని తీసుకుంటారు.

అసలు రోగం ఇదే. మిగతా అపోహలన్నీ దీనికి పుట్టిన పిల్లలే.

మనం ఎంసెట్ ర్యాంకులు చూసి పెరిగినవాళ్లం. లిస్టు అంటే మనకి మెరిట్ లిస్టే. పేరు ఉంటే గెలిచినట్టు, లేకపోతే పిల్లాడిలో ఏదో లోపం ఉన్నట్టు. కానీ ఆల్‌స్టార్ జట్టు అంటే, సీజన్ ఆడిన లీగ్ పిల్లల్లోంచి కొందరితో, వేసవిలో నాలుగైదు వారాలు టోర్నమెంట్ ఆడటానికి కట్టే జట్టు. రూల్‌బుక్‌లో దాని పేరు కూడా టోర్నమెంట్ టీమే, ఆల్‌స్టార్ అనేది మనం పిలుచుకునే పేరు. క్రికెట్‌లో బాగా ఆడతారు కదా అని పదకొండు మంది ఓపెనర్లని పంపరు కదా. వికెట్ కీపర్ కావాలి, పాత బంతితో వేసేవాడు కావాలి. ఇక్కడా అంతే.

లెక్క చూడండి. పిచ్ అంటే ఇక్కడ బ్యాటర్‌కి వేసే ఒక్కో బంతి, పిచర్ అంటే బౌలర్ లాంటివాడు, క్యాచర్ అంటే వికెట్ కీపర్ లాంటివాడు. 11, 12 ఏళ్ల పిల్లలు బేస్‌బాల్‌లో రోజుకి 85 పిచ్‌లకి మించి వేయకూడదు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. 51 నుంచి 65 అయితే మూడు రోజులు. 41 పిచ్‌లు వేసినవాడు ఆ రోజు మళ్లీ క్యాచర్‌గా కూర్చోవడానికి లేదు. నాలుగు ఇన్నింగ్స్ క్యాచింగ్ చేసినవాడు ఆ రోజు పిచింగ్ చేయడానికి లేదు. డిస్ట్రిక్ట్ టోర్నమెంట్‌లో ఒక్కోసారి రోజు విడిచి రోజు మ్యాచ్ పడుతుంది. అంటే ఊరంతా మెచ్చుకునే ఆ ఒక్క పిచర్‌తో ఒక్క మ్యాచ్ గట్టెక్కుతాం. మిగతా వాటికి ఎవరు? స్ట్రైకులు, అంటే గురి తప్పని బంతులు, వేయగల పిల్లలు ఇంకో నలుగురైదుగురు, ఇద్దరు క్యాచర్లు లేకపోతే మేనేజర్ (జట్టుని నడిపే పెద్ద కోచ్) చేతులు కట్టేసినట్టే. అందుకే మీవాడి కంటే యావరేజ్ తక్కువ ఉన్న కుర్రాడి పేరు లిస్టులో కనిపిస్తుంది. వాడు కంగారు పడకుండా మూడు ఇన్నింగ్స్ వేస్తాడు. లేదా బరువైన క్యాచర్ గేర్ వేసుకుని 95 డిగ్రీల ఫారన్‌హీట్ ఎండలో కూర్చుంటాడు. అది స్కోర్‌బుక్‌లో యావరేజ్ కాలమ్‌లో కనపడదు.

సాఫ్ట్‌బాల్‌లో పిచ్‌ల లెక్క ఉండదు, ఇన్నింగ్స్ లెక్క ఉంటుంది. అయినా సూత్రం ఒకటే: విండ్‌మిల్ పిచింగ్ (చెయ్యి గుండ్రంగా తిప్పి కింది నుంచి బంతి వేయడం) నిలకడగా చేసే అమ్మాయిలు ఎంతమంది ఉన్నారన్న దాని మీదే సగం జట్టు తేలిపోతుంది.

ర్యాంకు అనుకోవడం వల్ల వచ్చే ఇంకో చేటు, నొప్పి దాచడం. మోచెయ్యి నొప్పి అంటే పేరు తీసేస్తారని పిల్లాడి చేతే అబద్ధం చెప్పించిన తల్లిదండ్రులు నాకు తెలుసు. ఆదివారం వేరే క్లబ్‌లో వేసిన పిచ్‌లు మన స్కోర్‌బుక్‌లో ఉండవు, పిల్లాడి మోచేతిలో మాత్రం ఉంటాయి. దయచేసి చెప్పండి.

అపోహ: ముందు సెలెక్ట్ అవ్వనివ్వండి, ఇండియా టికెట్ల సంగతి తర్వాత చూద్దాం.

మనవాళ్లకి అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను.

ఇక్కడ బడి మూసేది జూన్ మూడో వారంలో. డిస్ట్రిక్ట్ టోర్నమెంట్ మొదలయ్యేదీ అప్పుడే. మనం ఇండియా విమానం ఎక్కేదీ అప్పుడే. ఏప్రిల్‌లో నేను పంపే ఫారంలో ఒకే ముఖ్యమైన ప్రశ్న ఉంటుంది: జూన్, జూలైలలో మీ పిల్లలు ఏ తేదీల్లో ఊళ్లో ఉండరు? దానికి మనవాళ్లలో చాలామంది "ఎప్పుడూ ఉంటాం" అని రాస్తారు. టికెట్లు జనవరిలోనే కొనేసి ఉంటారు. నిజం రాస్తే పేరు కొట్టేస్తారని భయం.

రెండేళ్ల కింద ఒక కుర్రాడు. మంచి క్యాచర్, పదకొండేళ్లు. జూన్ 28 రాత్రి పదింటికి, నేను అంట్లు తోముతుంటే వాళ్ల నాన్న ఫోన్. "అక్కా, ఎల్లుండి మాకు ఫ్లైట్. రెండు వారాల్లో వచ్చేస్తాం. అప్పటిదాకా ఎవరినైనా పెట్టుకోండి, వీడు వచ్చాక మళ్లీ ఆడతాడు." ఎంత మామూలుగా చెప్పారంటే, ఆఫీసులో సెలవు పెట్టినట్టు.

అలా కుదరదు. దెబ్బ తగిలినా, జబ్బు చేసినా, సెలవులకి ఊరెళ్లినా ఒక ఆటగాడి స్థానంలో ఇంకొకరిని పెట్టుకోవచ్చు, రూల్ ఒప్పుకుంటుంది. కానీ ఒకసారి పేరు మార్చాక, వెళ్లినవాడు ఆ టోర్నమెంట్‌లో మళ్లీ తిరిగి రాలేడు. మార్చకుండా ఖాళీగా ఉంచితే మేనేజర్‌కి క్యాచర్ లేడు. మా మేనేజర్ మార్చేశాడు. నేనైనా అదే చేసేదాన్ని.

చిత్రం ఏమిటంటే ఆ ఏడాది మా జట్టు డిస్ట్రిక్ట్ గెలిచింది. దాని పై మెట్టు అయిన సెక్షన్‌కి వెళ్లింది. ఆ కుర్రాడు గుంటూరులో అమ్మమ్మ వాళ్లింట్లో తెల్లవారుజామున మూడున్నరకి లేచి గేమ్‌చేంజర్ యాప్‌లో ఒక్కో పిచ్ చూస్తూ కూర్చున్నాడట. మనకి సాయంత్రం ఆరంటే వాళ్లకి తెల్లవారుజాము మూడున్నర. వాడి బాధ చూడలేక వాళ్ల నాన్న టికెట్లు ముందుకు జరిపించి పిల్లాడిని తీసుకుని వచ్చేశారు. దానికి ఎంత పోశారో నేను అడగలేదు. సెక్షన్ రెండో మ్యాచ్‌కి వాడు జెర్సీ వేసుకుని, గ్లవ్ పట్టుకుని వచ్చాడు. నేను గేటు దగ్గరే ఆపి చెప్పాల్సి వచ్చింది. డగౌట్‌లోకి, అంటే జట్టు కూర్చునే చోటికి, కూడా రానివ్వకూడదు. ఆరు ఇన్నింగ్స్ ఫెన్స్ వేళ్లతో పట్టుకుని నిలబడే ఉన్నాడు. వాళ్ల నాన్న పార్కింగ్‌లో కారులోనే ఉండిపోయారు.

ఫారంలో నిజం రాసి ఉంటే? ఆ ఏడాదే ఇంకో కుటుంబం రాసింది: జూలై 12న వెళ్తున్నాం, మార్చలేం, మా ఆడపడుచు పెళ్లి. మేనేజర్ లెక్క వేసుకున్నాడు. డిస్ట్రిక్ట్ అప్పటికి అయిపోతుంది, పైకి వెళ్తే ఎవరిని పెట్టాలో ముందే అనుకుందాం అన్నాడు. ఆ పిల్లాడిని తీసుకున్నాడు. డిస్ట్రిక్ట్ మొత్తం ఆడి, పెళ్లికి వెళ్లాడు. ప్రతిసారీ ఇలాగే అవుతుందని మాటివ్వలేను, తేదీలు కలవక పేరు రాని పిల్లలూ ఉన్నారు. కానీ దాచినవాళ్లలో ఒక్కరు కూడా సంతోషంగా ఇంటికి వెళ్లడం నేను చూడలేదు.

వీసా స్టాంపింగ్ కోసం వెళ్లక తప్పని వాళ్లు ఉన్నారు, ఆ డేట్లు ఎవరి చేతిలోనూ ఉండవు. వాళ్లని నేనేమీ అనను. "డేట్ రాలేదు, ఎప్పుడైనా రావచ్చు" అని రాయండి చాలు.

అపోహ: గ్రీన్‌కార్డ్ లేదు, హెచ్4 డిపెండెంట్ వీసా మీద ఉన్నాడు కాబట్టి తీసుకోరు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు గొంతు తగ్గించి అడుగుతారు. అలా అడగక్కర్లేదు. పౌరసత్వంతో పని లేదు. లీగ్ చూసేది మీ ఇల్లు గానీ, పిల్లాడి బడి గానీ మా సరిహద్దు లోపల ఉందా లేదా అన్నది, పుట్టినతేదీ, రెగ్యులర్ సీజన్‌లో కావాల్సినన్ని మ్యాచ్‌లు ఆడాడా అన్నది. అంతే.

అపోహ: అడ్రస్ కాగితాలు ఏవో ఒకటి ఇస్తే సరిపోతుంది.

మా డైనింగ్ టేబుల్ మీద జూన్‌లో పది రోజులు అన్నం తినం. ఒక్కో జట్టుకి ఒక్కో బైండర్. అందులో ప్రతి పిల్లాడి బర్త్ సర్టిఫికెట్, అడ్రస్ రుజువులు, లీగ్ సరిహద్దు మ్యాప్, దాని మీద ఒక్కో ఇంటికి ఒక చుక్క. మా చుట్టుపక్కల లీగ్‌లని చూసే డిస్ట్రిక్ట్ అడ్మినిస్ట్రేటర్ వచ్చి పేజీ పేజీ తిరగేసి సంతకం పెడితేనే జట్టు గ్రౌండ్‌లోకి వెళ్లేది. మా సరిహద్దులో ఎర్రగీత ఒక రోడ్డు మధ్యలో వెళ్తుంది. అటువైపు ఇల్లు మాది, ఇటువైపు ఇల్లు పక్క లీగ్‌ది. ఆ రోడ్డు మీద ఉన్న మనవాళ్ల ఇళ్ల నంబర్లు నాకు కంఠతా వచ్చేశాయి.

అడ్రస్ రుజువులు మూడు గ్రూపులుగా ఉంటాయి, ఒక్కో దాంట్లోంచి ఒకటి కావాలి. కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు, ఫోన్ బిల్లు మూడూ తెచ్చి గర్వంగా ఇచ్చేవాళ్లు ఉన్నారు. మూడూ ఒకే గ్రూపు, కాబట్టి ఒకటి తెచ్చినట్టే. తేదీలు కూడా చూసుకోండి, కిందటి ఏడాది ఫిబ్రవరి 1 నుంచి ఈ ఏడాది ఫిబ్రవరి 1 లోపలివే చెల్లుతాయి. ఇంత గొడవ ఎందుకు అనుకుంటే, పిల్లాడి బడి మా సరిహద్దు లోపలే ఉంటే, బడి వాళ్ల చేత స్కూల్ ఫారం నింపించి తెచ్చుకోండి, అది సులువు.

"ఎవరు చూస్తారులే, మా తమ్ముడి అడ్రస్ ఇస్తాం" అనేవాళ్లకి ఒక్క మాట. 2014లో 'జాకీ రాబిన్సన్ వెస్ట్' అనే చికాగో జట్టు లిటిల్ లీగ్ వరల్డ్ సిరీస్‌లో అమెరికా టైటిల్ గెలిచింది, దేశమంతా ఆ పిల్లల్ని నెత్తిన పెట్టుకుంది. 2015 ఫిబ్రవరిలో ఆ టైటిల్ వెనక్కి తీసుకున్నారు. కారణం, సరిహద్దు బయటి పిల్లల్ని పెద్దవాళ్లు జట్టులో పెట్టడం. టైటిల్ లాస్ వెగాస్ జట్టుకి వెళ్లింది. తప్పు చేసింది పెద్దలు, పోగొట్టుకుంది పిల్లలు.

అపోహ: అంతా డాడీ బాల్. కోచ్ కొడుకు ఎలాగూ ఉంటాడు.

పూర్తిగా అబద్ధం అంటే నవ్వుతారు. కొన్నిసార్లు నిజమే, నేనూ చూశాను. టోర్నమెంట్ జట్టు మేనేజర్, కోచ్‌లు ఆ డివిజన్‌లో సీజనంతా పనిచేసినవాళ్లలోంచే రావాలని రూల్. కాబట్టి వాళ్ల పిల్లలు ఆ డివిజన్‌లోనే ఉంటారు, అది తప్పదు. ఎంపిక పద్ధతిని ఏ లీగ్‌కి ఆ లీగ్ బోర్డే ఖాయం చేస్తుంది. మా దగ్గర పిల్లలు ఓటేస్తారు, మేనేజర్లు ఓటేస్తారు, చివరి మూడు నాలుగు పేర్లు జట్టు మేనేజర్ సూచిస్తాడు, బోర్డు ఆమోదిస్తుంది. విచిత్రం ఏమిటంటే పిల్లల ఓట్లు దాదాపు ఎప్పుడూ సరిగ్గానే ఉంటాయి. ఎవరు ఆడగలరో వాళ్లకి మనకంటే బాగా తెలుసు. మీ లీగ్ పద్ధతి నచ్చకపోతే బోర్డు మీటింగ్‌కి రండి. మా మీటింగ్‌లో పోయిన నవంబర్‌లో ఏడుగురం ఉన్నాం, ఏడుగురూ బోర్డు సభ్యులే.

మిగతావి గబగబా.

ఆల్‌స్టార్ ఆడితే కాలేజీ స్కాలర్‌షిప్ వస్తుందా? రాదు. పన్నెండేళ్ల వయసులో వేసుకున్న జెర్సీ చూసి ఎవరూ సీటివ్వరు.

తీసుకున్నా బెంచీ మీదే కూర్చోబెడతారా? మేజర్స్‌లో (పన్నెండేళ్ల వరకు పిల్లలు ఆడే డివిజన్‌లో) ఇప్పుడు మ్యాచ్‌కి వచ్చిన ప్రతి పిల్లాడూ వరుసలో బ్యాటింగ్ చేస్తాడు. ఫీల్డింగ్‌లో కొందరు ఎక్కువసేపు, కొందరు తక్కువసేపు ఉంటారు, అది నిజం.

బర్త్‌డే సెప్టెంబర్‌లో, ఏ ఏజ్ గ్రూపు? బేస్‌బాల్‌కి ఆగస్టు 31 నాటికి ఎన్నేళ్లు అన్నది లెక్క. సాఫ్ట్‌బాల్‌కి వేరే పట్టిక ఉంది. బేస్‌బాల్ పట్టిక చూసి సాఫ్ట్‌బాల్ అమ్మాయి వయసు తేల్చుకుని నాతో పోట్లాడకండి.

డిస్ట్రిక్ట్ గెలిస్తే టీవీలో వస్తామా? డిస్ట్రిక్ట్ తర్వాత సెక్షన్, స్టేట్, రీజియన్ ఉన్నాయి, అవన్నీ దాటితే ఆగస్టులో పెన్సిల్వేనియాలోని సౌత్ విలియమ్స్‌పోర్ట్‌లో వరల్డ్ సిరీస్. అమ్మాయిల సాఫ్ట్‌బాల్ వాళ్లకి నార్త్ కరోలినాలోని గ్రీన్‌విల్. ఇప్పుడే హోటల్ చూడక్కర్లేదు.

ఇక ఆఖరిది, ప్లేయర్ ఏజెంట్‌తో పరిచయం ఉంటే పేరు ముందే తెలుస్తుందని. బోర్డు ఆమోదం కాకముందు, ప్రతి పిల్లాడి కాగితాలూ తేదీలూ సరిచూడకముందు నేను ఎవరికీ చెప్పను. పోయినేడు సాఫ్ట్‌బాల్ లిస్టు వెబ్‌సైట్‌లో రాత్రి ఎనిమిదింటికి పెట్టాం. మా అమ్మాయి పక్క గదిలో ఫోన్ రిఫ్రెష్ చేస్తూ కూర్చుంది. ఎనిమిదీ రెండుకి వచ్చి, "నీకు ముందే తెలుసు కదా" అంది. తెలుసు అన్నాను. దాని పేరు లేదు. ఆ రాత్రి నాతో మాట్లాడలేదు, పొద్దున మాత్రం నేను అడగకుండానే ఆ జట్టు అమ్మాయిల బ్యాగులకి కట్టడానికి రిబ్బన్లు కత్తిరిస్తూ కనిపించింది.