ఆసుపత్రిలో పొగ ఎందుకు వద్దంటారు?

హనుమకొండ

చిరంజీవులైన పిల్లలకు మీ తాతయ్య ఆశీస్సులు.

అంత పెద్ద ఆసుపత్రిలో ఒకాయన ఏ మూలనో నిలబడి బీడీ కాల్చుకుంటే ఎవరికి నష్టమని మీరు అడిగారు. ఫోనులో తెగే మాట కాదు గనుక రాస్తున్నాను.

2001 నవంబరులో సుప్రీంకోర్టు ఆసుపత్రులతో సహా బహిరంగ ప్రదేశాలలో పొగ తాగరాదని ఆదేశించింది. 2003లో పార్లమెంటు పొగాకు నియంత్రణ చట్టం చేసింది. 2008 గాంధీ జయంతి నాటి నుండి అమలైన నిబంధనల ప్రకారం తప్పు చేసినవారికి రూ.200 వరకు జరిమానా వేయవచ్చు. పెద్ద హోటళ్లు, విమానాశ్రయాలు పొగ తాగేవారికి విడిగా గది పెట్టుకోవచ్చు గాని, ఆసుపత్రికి ఆ వెసులుబాటు లేదు.

కారణం చెబుతాను. మెట్ల మలుపులో వెలిగించిన బీడీ పొగ అక్కడే ఆగదు. మెట్ల వెంట పైకెక్కి, ఊపిరాడక పడుకున్న ఉబ్బసం రోగి మంచం దాకా వెళుతుంది. ఆక్సిజన్ తానుగా మండదు, కానీ మండేదాన్ని విపరీతంగా రగిలిస్తుంది. ఆక్సిజన్ పెట్టిన రోగి దుప్పటి మీద ఒక్క నిప్పురవ్వ పడినా చాలు. ఆపరేషన్ అయినవారి సంగతి వేరు: పొగాకులోని నికోటిన్ రక్తనాళాలను కుదిస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది, దానితో గాయం ఆలస్యంగా మానుతుంది. బయట తాగి వచ్చినా పొగ బట్టలకు, జుట్టుకు అంటుకొని వస్తుంది. అదే ఒడిలోకి పసిబిడ్డను తీసుకుంటారు.

ఆకు బీడీ గనుక సిగరెట్టంత చెడ్డది కాదని మన వైపు చాలామంది నమ్ముతారు. అది వట్టి భ్రమ. అయితే జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ ప్రాంతాలలో ఒడిలో చేట పెట్టుకొని, తునికాకు కత్తిరించి, బీడీలు చుట్టి బిడ్డలను చదివించిన తల్లులు ఎందరో ఉన్నారు. వారిని చిన్నచూపు చూడకండి. ఈ నిబంధన వారి మీద పెట్టింది కాదు.

చట్టం ఆసుపత్రి భవనాలను పేరు పెట్టి చెప్పింది, ఖాళీ స్థలాన్ని మినహాయించింది. అందువల్ల కొందరు గుమ్మం పక్కనే, కిటికీల కిందనే గుమిగూడతారు. ఆవరణ మొత్తాన్ని పొగరహితంగా ప్రకటించడమే సరైనదని నా అభిప్రాయం. అది సిబ్బందికీ వర్తించాలి. డాక్టరే క్యాంటీను వెనుక వెలిగిస్తే కాపలాదారుకు నోరెలా వస్తుంది?

ముప్పై ఏళ్లుగా తాగుతున్న మనిషికి బోర్డు చూపి ఊరుకుంటే, అతడు చిరాకు, నిద్రలేమి తట్టుకోలేక బాత్రూములో దూరి తాగుతాడు. కాబట్టి చేర్చుకునేటప్పుడే అలవాటు ఉందా అని అడిగి, అవసరమైతే డాక్టరు సలహాతో, పొగ తాగాలనే తహతహను తగ్గించే నికోటిన్ గమ్ (నమిలే బిళ్ల) వంటిది ఇవ్వాలి. మానాలనుకునేవారికి 1800-112-356 అనే ఉచిత సహాయ నంబరు ఉంది.

ఎవరైనా వార్డు దగ్గర తాగుతుంటే మీరు వాదనకు దిగకండి. ఫిర్యాదు తీసుకునేవారి పేరు అక్కడ రాసి పెట్టాలని నిబంధన ఉంది. అది కనబడకపోతే నర్సమ్మకు చెప్పండి. ఇక వచ్చే వారం ఆపరేషన్‌కు చేరుతున్న మీ చిన్న తాత జేబులో బీడీ కట్ట ఉంటే దాచిపెట్టకండి. రోజుకు ఎన్ని తాగుతాడో, చివరిసారి ఎప్పుడు తాగాడో మత్తుమందు ఇచ్చే డాక్టరుకు ఉన్నదున్నట్లు చెప్పమనండి. ఆయన సిగ్గుపడితే మీరే చెప్పండి.

మీ తాతయ్య