డాక్టరుకు చెప్పని కషాయం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ రోగిని చూడటానికి వచ్చిన చుట్టాలు కొబ్బరిబొండాం కొట్టి ఇస్తారు. సొంత తోటలో కాసిన కాయ, పైగా చలవ. కానీ పొటాషియాన్ని బయటికి పంపలేని కిడ్నీలకు ఆ నీళ్లు అపాయం, ఒంట్లో అది పేరుకుంటే గుండె లయ తప్పుతుంది. కిడ్నీలకు మంచిదని కాచి తాగే తెల్ల గలిజేరులోనూ పొటాషియం ఎక్కువే.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఈ జబ్బు దశాబ్దాలుగా ఉంది. తాగునీరు, ఎండలో పని, పురుగుమందులు, నొప్పి మాత్రలు అంటూ పరిశోధకులు చాలావాటిని అనుమానించారు. ఏదీ తుదిగా తేలలేదు. డయాలసిస్ అంటే విశాఖ ప్రయాణమే అయిన రోజుల్లో, కారణమే తెలియని జబ్బును తగ్గిస్తానని ఊళ్లో ధైర్యం చెప్పింది పసరు వైద్యుడే. రోగులు ఆయన గుమ్మం తొక్కారంటే నేను తప్పుపట్టలేను. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది 2023 డిసెంబరులో. అప్పటికి ఒక తరం గడిచిపోయింది.

మూలికలకూ కిడ్నీలకూ ఉన్న లంకె లోకానికి తెలిసింది బెల్జియంలో. 1992లో బ్రస్సెల్స్ వైద్యుల దగ్గరకు కిడ్నీలు వేగంగా చెడిపోయిన ఇద్దరు యువతులు వచ్చారు. ఆరా తీస్తే, బరువు తగ్గడానికి ఇద్దరూ ఒకే క్లినిక్‌లో మందు వాడారని తెలిసింది. ఆ మందులో ఒక చైనా మూలికకు బదులు, దాదాపు అదే పేరున్న మరో మూలిక కలిసింది. అది అరిస్టలోకియా జాతి మొక్క. దాదాపు 100 మంది కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారిలో 39 మందికి పాడైన కిడ్నీలు, మూత్రనాళాలు తీసి పరీక్షిస్తే 18 మందిలో క్యాన్సర్ కనిపించింది.

మన పొదల్లో పెరిగే ఈశ్వరి తీగ ఆ జాతిదే. పాముకాటుకు దాని వేరు ఇవ్వడం నాటువైద్యంలో పాత అలవాటు. ఉద్దానం జబ్బుకు అదే కారణమని నేను అనడం లేదు. ఇప్పటికే సగం చెడిన కిడ్నీ మీద ఏ ఆకు పడుతోందో తెలియకపోవడమే నా భయం.

బ్రస్సెల్స్‌లో మందు చీటీ ఉంది, అందుకే దొంగ దొరికాడు. మన దేశంలో 1940 నాటి ఔషధ చట్టం కిందికి 1964 సవరణతో ఆయుర్వేద మందులూ వచ్చాయి. అయితే చట్టం చూసేది కంపెనీలో తయారై అమ్మకానికి వచ్చే సీసాను. ఊళ్లో నూరి ఇచ్చే పసరుకు చీటీ ఉండదు. ఆకు పేరు బయటపెడితే మందు పారదని వైద్యుడు చెప్పడు. తిడతారన్న జంకుతో రోగి ఆసుపత్రిలో నోరు విప్పడు. ఈ రెండు మౌనాల్లో రెండోదాన్ని తెంచడం డాక్టరు చేతిలో ఉంది. సారా, పొగాకు, నొప్పి మాత్రల గురించి అడిగే నోటితోనే, గొంతు పెంచకుండా, “పసరు ఏమైనా తాగావా అమ్మా?” అని అడగాలి.